నాచారం బోటు

పడవ తిరిగింది గానీ, తిరిగిన వైపు పోలేదు.

కనకరాజు ఇంజను పిడి పట్టుకుని ఎడమకు తిప్పితే, మూతి మాత్రమే ఎడమకు చూసింది. మిగతా పడవంతా పక్కకు జారుకుంటూ వెళ్లి ఉప్పల్ నల్లచెరువులోని గుర్రపు డెక్క మొక్కల్లో ఇరుక్కుంది.

గట్టు మీద అన్నం డబ్బాతో నిలబడ్డ అతని భార్య స్వర్ణలతకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు! ఆదివారం నాడు గిట్లనే అయితే ఇజ్జత్ పోతది."

నిజమే. పోయిన వానలకు చెరువు కింది కాలనీలో నడుం లోతు నీళ్లు నిలిచాయి. మంచాన పడ్డవాళ్లను బయటికి తేవడానికి ఒక్క పడవా దొరకలేదు. అందుకే ఈసారి చెరువు కమిటీ ఒక బోటు పెట్టుకోవాలనుకుంది. ఆదివారం రెండు బోట్లను నడిపి చూసి, ఒకదాన్ని ఎంచుకుంటారు. ఒకటి ఎవరో బయటివాళ్లది, రెండోది కనకరాజుది.

కనకరాజు చెరువుకు దగ్గర్లోనే, నాచారంలో ఇరవై ఏళ్లుగా ట్రాలీ ఆటోలకు బాడీలు కడుతున్నాడు. బోటు కట్టడం ఇదే మొదటిసారి. తన చేతిపని తన చెరువులో తిరగాలని ఒకటే ఆశ. రెండు నెలలుగా అతనికి ఇంకో ధ్యాస లేదు.

"అడుగు మరీ నున్నగా ఉంది బాబూ. అందుకే జారుతోంది."

గట్టు మీద ఎవరో పెద్దాయన. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, కళ్లు చికిలించి పడవనే చూస్తున్నాడు.

"నున్నగ ఉండక? మూడు దినాలు గ్రైండర్ కొట్టిన!"

"అదే తప్పు. పైగా బరువంతా వెనకే పెట్టావు. జోరు పెంచితే మూతి ఎగిరెగిరి పడుతుంది."

"బరువు ఎనక గాక ముందల ఉంటదా? ట్రాలీని ఎన్నడన్న సూసినవా? పో తాతా, నీ పని సూసుకో."

పెద్దాయన పోలేదు. అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

కనకరాజు పంతం కొద్దీ జోరు పెంచాడు. మూతి లేచింది, పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ఒడ్డుకు వచ్చేసరికి అతని నడుము పట్టేసింది.

"అమ్మా, నువ్వొకసారి ముందు కూర్చుంటావా?" స్వర్ణలతను అడిగాడు పెద్దాయన. "పెట్రోలు డబ్బా కూడా ముందుకు జరుపు బాబూ. ఇంజను బయటికి వంగింది, దాని వంపును ఆపే పిన్ను తీసి ఒక రంధ్రం లోపలికి వెయ్యి."

కనకరాజు సణుగుతూనే చేశాడు.

ఈసారి మూతి ఎగరలేదు.

"సూసినవా, నేను కూసుంటెనే నీ బోటు కుదురుగున్నది," అంది స్వర్ణలత. "ఇన్నేండ్లకు నా బరువు అక్కరకొచ్చింది."

కనకరాజుకూ నవ్వొచ్చింది. నవ్వాక ఇక బెట్టు చేయలేకపోయాడు.

"మరి జారుడుకేం జెయ్యాలె, పెద్దాయనా?"

"అడుగున పొడవునా మూడు ఇనప యాంగిల్ పట్టీలు వెయ్యాలి. అవి నీళ్లను పట్టుకుంటాయి. మీ షెడ్డెక్కడ?"

బోటును ట్రాలీ ఆటోకెక్కించి నాచారం తెచ్చారు. పెద్దాయన బోటు కింద వెల్లకిలా పడుకుని సుద్దముక్కతో మూడు గీతలు గీశాడు. గీత పక్కకు పోయిన చోట తుడిచి మళ్లీ గీశాడు. యాంగిళ్లు వెల్డింగ్ అయ్యాక కనకరాజు అలవాటు కొద్దీ గ్రైండర్ అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు బాబూ. ఇది బండి కాదు. మెరుగు పెట్టావంటే మళ్లీ మొదటికొస్తుంది."

స్వర్ణలత మూడుసార్లు చాయ్ తెచ్చింది.

"గింత పని ఎట్ల తెలుసు మీకు?"

"నీళ్ల పక్కన పుట్టినవాణ్ణమ్మా. మేడిపల్లిలో మా అమ్మాయి ఉంటుంది. అక్కడే దిగాను."

తిని పొమ్మంటే, అమ్మాయి ఎదురుచూస్తుందని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున చెరువులో దింపగానే బోటు చెప్పిన మాట విన్నది. ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. కనకరాజుకు ఒళ్లు పులకరించింది. స్వర్ణలతను ముందు కూర్చోబెట్టుకుని చెరువంతా మూడు చుట్లు తిప్పాడు. గట్టు మీది నుంచి పెద్దాయన చెయ్యి ఊపుతూ కనిపించాడు.

ఒడ్డుకు వచ్చి చూస్తే ఆయన లేడు.

"అయ్యో, పేరన్న అడగకపోతివి!" అంది స్వర్ణలత.

"నువ్వడిగినవా? రేపు వస్తడు తీయ్. అందరి ముందల శాలువా కప్పుదాం."

ఆదివారం పెద్దాయన రాలేదు. బోటు మాత్రం కనకరాజు పరువు నిలబెట్టింది. కమిటీ పెద్ద రామచంద్రరావు స్వయంగా ఎక్కి ఓ చుట్టు తిరిగొచ్చాడు.

"మస్తుంది కనకరాజూ. ఇగ ఈ చెరువుకు నీ బోటే."

"ఇంకో బోటు సార్?"

"వస్తలేదు. పొద్దుగాల ఫోన్ జేసి చెప్పిన్రు."

కనకరాజు సంతోషం పట్టలేకపోయాడు.

"మన బోటు సంగతి దెల్సి భయపడ్డట్టున్నడు సార్!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రామచంద్రరావు నవ్వలేదు.

"భయం గాదయ్యా. కామరాజుగారని, గోదావరి మీద నలభై ఏండ్ల సంది బోట్లు కడుతున్న మనిషి. 'నాచారం బోటు చూశాను, దానికిక ఢోకా లేదు, రిపేరొస్తే కట్టినవాడు పక్కనే ఉంటాడు, నా బోటు లారీ ఎక్కించను' అన్నరు. చెరువు లోతు సూద్దామని శుక్రవారమే వచ్చి, రెండు దినాలు నీ దగ్గరనే ఉన్నరట గదా, నీకు చెప్పలేదా?"