ఒంటి చైన్‌వీలు

వన్ టౌన్ సైకిల్ షాపులో, శేషుబాబు మట్టిదారుల్లో తొక్కే గ్రావెల్ సైకిలు కోసం షాపాయన గేర్ల సెట్లు రెండు బల్ల మీద పెట్టాడు. రెండూ కేబుల్‌తో పనిచేసేవే. ఒకదానికి ముందు, పెడళ్ల దగ్గర, చైను తిప్పే పళ్ల చక్రాలు, అంటే చైన్‌వీళ్లు, రెండు; ఇంకోదానికి ఒకటే.

శేషుబాబు రెండున్నది చేతిలోకి తీసుకున్నాడు.

"అదే తీసుకో బావా," అన్నాడు బావమరిది మురారి. "ఒక్కదాంతో లాగాలంటే కాళ్లలో సత్తువుండాలి. నీ కాళ్లలో ఉన్నది చెరుకు పిప్పి."

"నోర్ముయ్ రా."

"ఎదురుగాలి కొడితే దిగి నడుస్తావు. పోయిన వానల్లో సైకిలుతో సహా కాలవలో పడ్డ మొనగాడివి."

షాపాయన నవ్వు ఆపుకున్నాడు. శేషుబాబు చేతిలోది బల్ల మీద పడేశాడు.

"ఆ ఒక్కటున్నదే బిగించండి. వీడు చెప్పింది నేను తొక్కను."

మురారి బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాడు.

"ఒకటున్నదే కొన్నాడక్కా. ఇక కాలవగట్టు మీది నల్లమట్టికి చైను రెండు చైన్‌వీళ్ల మధ్య ఇరుక్కోదు. మళ్లీ కాలవలో పడడు."

"నీ మాట విన్నారా!"

"వినడనేగా రెండున్నది తీసుకోమన్నాను. నాలుగు తిట్టాను కూడా."

"పోనీలే, నా కోసం అన్నావు."

"గేర్ల గురించి చెప్పిందే నీ కోసం. తిట్టింది నా కోసమే."