పెన్సిల్ కామాలు

కాల్యో మళ్లీ తప్పు పాడాడు.

"ఏమోయ్, ట్రాక్టరు గేరు మార్చినట్టు పాడతావేం?" పక్కనున్న ఊనో మోచేత్తో పొడిచాడు.

"నలభై ఏళ్లు తోలింది అదేగా."

పాట నడిపే మారెట్ కసరలేదు. పాటల బృందంలో చేరిన ఈ ఆరు నెలల్లో ఎవరూ కసరలేదు. ప్రతి గురువారం ఊరి హాల్లో రెండు గంటలు నిలబడాలి. మోకాళ్లు పీకేస్తాయి. కాగితం మీద స్వరాల గీతల్లో చుక్క పైకెక్కితే గొంతు ఎక్కాలి, దిగితే దిగాలి. అరవై ఎనిమిదేళ్లకి అక్షరాలు దిద్దుకోవడం.

పాటంటే అతనికి ఇష్టం లేదు. ముప్పై ఏళ్ల గురువారాలు ఎత్తుకుపోయింది అదే. భార్య లైనె పాడటానికి వెళ్లేది. అతను చల్లారిన బంగాళాదుంపలు తినేవాడు.

కిందటి ఆగస్టులో లైనె పోయింది. ఒక్క నెల మంచాన పడింది, అంతే. ఊపిరితిత్తులు పాడై రెండేళ్లయిందన్నాడు డాక్టరు. "ఉత్త దగ్గేగా అనుకున్నా," అంది లైనె. పూడ్చిన రోజు బృందమంతా ఒకటే మాట: "అనుకోనే లేదు, కాల్యో."

ఆమెకు తెలుసా? తెలిసీ తనకు చెప్పలేదా? అదొక్కటే అతన్ని తినేస్తోంది. ఆమె వదిలివెళ్లిన పాటల ఫైలు నిండా చుక్కలు, పెన్సిల్ గుర్తులు. అవి చదవడానికే బృందంలో చేరాడు. ఎవర్నీ అడగలేదు. అడిగే అలవాటు లేదు.

చుక్కలు కాస్త పట్టుబడ్డాక మారెట్ కామా గురించి చెప్పింది.

"గీతల మీద కామా పెట్టుకుంటే అక్కడ ఊపిరి తీసుకోవాలి. ఒకరు తీసుకుంటుంటే పక్కవాళ్లు ఆపకూడదు. అప్పుడు పాట తెగిందని ఎవరికీ తెలీదు."

ఇంటికెళ్లి ఫైలు తెరిచాడు. పాత పాటల్లో వరుసకొక కామా. చివరి పాటలో రెండు మాటలకొకటి. దానిమీద తేదీ, ఆమె పోవడానికి రెండేళ్ల ముందుది.

తెలుసన్నమాట.

"మొండిది," అన్నాడు. లోకమంతటికీ దాచింది, తన ఒక్కడికే కాదు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

మరుసటి గురువారం పాట అయ్యాక కాగితాలు అలమరలో సర్దుతున్నాడు. అది కొత్తవాళ్ల పని. అడుగున అదే పాట కాగితాల కట్ట దొరికింది, లైనె పక్కన నిలబడి పాడేవాళ్లది. తాడు విప్పాడు.

"కాల్యో గారూ, అది ఉండనీయండి," అంది మారెట్, గబగబా వస్తూ.

పదకొండు కాగితాల్లోనూ, లైనె కామా పెట్టుకున్న ప్రతిచోటా, పదకొండు చేతిరాతల్లో ఉంది: 'లైనెకి ఊపిరాడదు. మనం ఆపొద్దు.'