పాతదాని మీద బస్సు

తన మీద బస్సు ఎక్కిచ్చేందుకు మాటలు నడుస్తున్నయని కమలవ్వకు పప్పు పోపు పెట్టుకుంట తెలిసింది.

ముందటి అర్రల ప్రణయ్ దోస్తుతోని ఫోన్‌ల మాట్లాడుతుండు.

"పాతదాని మీదనే బస్సు ఎక్కిచ్చేస్త ఓంప్రకాశ్. నడిమిట్ల మేనేజర్ ఎందుకు? మేనేజర్‌తోని చేస్తే పాతది బతికే ఉంటది, ఎప్పుడంటే అప్పుడు లేచి వస్తది. నేను చేత్తోనే చేస్త. ఒక్క దెబ్బకు ఖతం."

పోపు మాడింది. గా ఇంట్ల తనకంటె పాతది ఇంకేమున్నది? గోడ గడియారం సుత పెనిమిటి పోయినంక కొన్నదే.

ప్రణయ్ ఆమె మరిది కొడుకు. సొంతూరు మంథని. హుజూరాబాద్‌ల నౌకరి దొరికిందని పెద్దమ్మ ఇంట్ల దిగిండు. మంచోడే, కని ఒక్క ముచ్చట పట్టుకుంటె ఇడ్వడు. "నీకు పిల్లల్లేరు పెద్దమ్మా, ఇల్లు నా పేరు మీద చేయరాదు? నిన్ను నేను సూస్కోనా?" అంటడు. కమలవ్వ ఎన్నడైనా ఒక్కటే చెప్పేది: "నేను పోయినంక నీదే బిడ్డా. అందాక నా ఇంట్ల నన్ను ఉండనియ్యి." ఆమెకున్నది గా ఇల్లొక్కటే.

'పోయినంక' అన్న మాటే తన కొంప ముంచిందని ఇప్పుడు సమజైంది. పొయ్యి బందువెట్టి, చెప్పులేసుకొని సీదా పోలీస్ స్టేషన్‌కు నడిసింది.

హెడ్ కానిస్టేబుల్ ఫజలుద్దీన్ ఆమె చెప్పిందంత విన్నడు.

"మేనేజర్ అంటే ఎవలవ్వా? బస్ డిపోల మేనేజరా?"

"నాకేమెరుక సారూ. ఎవలో గని దేవునసొంటోడు. ఆయన చేతుల పడితే నేను బతుకుతనట."

ఫజలుద్దీన్ ఆమెను బండెనక కూసోవెట్టుకొని ఇంటికి వచ్చిండు. ప్రణయ్ పరేషాన్ కాలే. కుర్చీ వేసిండు, చాయి తెప్పిచ్చిండు. సంగతి విన్నంక కడుపు పట్టుకొని నవ్విండు. తర్వాత నవ్వు ఆపి, పెద్దమ్మ దిక్కు చూసి, కండ్లు తుడుసుకున్నడు.

"గిది బస్సు నడిపే గేమ్ సార్," అని కంప్యూటర్ చూపెట్టిండు. "గేమ్‌తోని వచ్చేది ఏ దేశం బస్సో. మనోళ్లు మన బస్సులు తయారు చేసి పెడ్తరు. మంథని నుంచి పెద్దపల్లి పోయే ఎర్రబస్సు సుత ఉన్నది. దాన్ని మాడ్ అంటరు. ఎక్కిచ్చుడంటే గేమ్‌ల పెట్టుడు. ఫోన్‌ల పాటలు ఎక్కియ్యమా, గట్లనే."

"మరి మేనేజర్?"

"మనిషి గాదు సార్, సాఫ్ట్‌వేర్. మాడ్ మేనేజర్ అంటరు. అది పాత బస్సు జోలికి పోదు, కొత్తదాన్ని పైనుంచి కప్పుతది. వద్దనుకుంటె తీసేస్తది, పాతది మళ్ల కనవడ్తది. చేత్తోని పెడ్తే పాత ఫైల్ మీదనే కొత్త ఫైల్ పడ్తది. ఇగ పాతది పోయినట్టే."

ఫజలుద్దీన్ కంప్యూటర్ దిక్కు వంగిండు. "అంటే మేనేజర్‌తోని పెట్టుడంటే సీటు మీద దస్తి రుమాలు వేసినట్టు. చేత్తోని పెట్టుడంటే కూసున్నోన్ని బస్సులకెళ్లి దింపినట్టు."

"గంతే సార్."

మరి జర నేను నడిపి చూస్త అని ఫజలుద్దీన్ కూసున్నడు. పెద్దపల్లి చేరేసరికి రెండు కరెంటు స్తంభాలు, ఒక చాయి హోటల్ పోయినయి. చాయి సల్లారింది. లేచి పోయేటప్పుడు కమలవ్వతోని నవ్వుకుంట అన్నడు: "పిలగాని మీద గసొంటి మాట వేయకు అవ్వా. ఇంటి కోసం చంపుతడని ఫికర్ ఉంటె ఇల్లు ఇచ్చెయ్యి. ఇగ చంపేదానికి ఏముంటది?"

పొద్దుమీకేసరికి వాడంత తెలిసింది. నీళ్ల నల్ల కాడ ఆడోళ్లు "మీ మేనేజర్ మంచిగున్నడా అవ్వా" అని అడిగిండ్రు. కమలవ్వకు సిగ్గుతోని తల కొట్టేసినట్టైంది.

ఇంటికి వచ్చేసరికి ప్రణయ్ బ్యాగుల బట్టలు సదురుకుంటుండు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"రూం చూసుకుంట పెద్దమ్మా. నన్ను చూస్తె నీకు పానభయం అయినంక నేను గీడ ఎట్లుండాలె? నీ ఇల్లు నీకే ఉండని."

గా మాట ఆమెకు సూటిగ గుచ్చుకున్నది. కడుపుల పెట్టుకొని చూసుకునే పిలగాన్ని పోలీసోళ్లకు చూపెట్టిన గదా అని ఏడ్సింది. బ్యాగు గుంజుకొని, అండ్లకెళ్లి అంగీలు తీసి తనే మళ్ల దండెం మీద వేసింది.

తర్వాతి వారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి ఇల్లు ప్రణయ్ పేరు మీద రాసిచ్చింది. సాక్షి సంతకం ఫజలుద్దీనే పెట్టిండు. ఇంటికొచ్చి, పానం నిమ్మళమైందని కమలవ్వ సేమియా పాయసం వండింది. ప్రణయ్ రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు.

చెయ్యి కడుక్కొని వీధి మలుపు దాక నడిసి, ఓంప్రకాశ్‌కు ఫోన్ కొట్టిండు.

"ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. కొనేటోన్ని చూడు. ముసల్దాన్ని ఎటన్న పంపుత."

"అంత మంచిగనే ఉన్నది గని, ఆమె నిజంగనే పోలీసుల కాడికి పోతదని నీకెట్ల తెలుసురా?"

"తెలుసుడేంది?" అన్నడు ప్రణయ్. "ఆమె పోయేదాక దినాం వంటింటి దిక్కు మొకం పెట్టి గదే మాట మాట్లాడిన."