కుక్కర్ మింగిన పాదం

“నా కవిత దొంగిలించింది మీరే,” అన్నాడు కవి, బాల్కనీ కమ్మీలు పట్టుకుని.

ఎదురింటి బాల్కనీలో పళ్ల డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. లాక్‌డౌన్‌లో క్లినిక్ మూతపడ్డాక ఆయనకు ఫోన్లో కవిత్వం పేజీలు తిరగేయడం తప్ప వేరే పనిలేదు. కవి అనుమానానికి ఆ మాత్రం చాలింది.

“నేనా? పళ్లు పీకడం తప్ప నాకేం చేతనవునండీ.”

“నటించకండి. ‘పేరెందుకులే’ అనే దొంగపేరుతో పొద్దున పెట్టారుగా.” కవి ఫోను చూసి చదివాడు. “‘తలుపు మూస్తే భయం బయటే ఉంటుందనుకున్నాం. అది మనకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.’ ఇది నాది. హాల్లో తిరుగుతూ పైకి చదువుకుంటుంటాను. మీ చెవిన పడి ఉంటుంది.”

“తర్వాత ఇంకో ముక్క కూడా ఉందిగా. ‘ఇక చేసేదేముంది, దానికీ ఒక కంచం పెట్టాను.’ అదీ పైకి చదివారా?”

“లేదు. అది నేనింకా రాయలేదు.”

“రాయనిదాన్ని దొంగిలించానా?”

“రాయబోయాను సార్. ఆ పాదం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ పెట్టిన కుక్కర్ కూతేసింది. పాదాన్ని మింగేసింది. అప్పటినుంచి మళ్లీ దొరకలేదు. అసలు ఆ గిన్నెల చప్పుడు, ఆవిడ గొణుగుడు, వాటి మధ్య కవిత రాయాలంటే ఎంత తపస్సు కావాలో మీకేం తెలుసు.”

డాక్టరు మాస్కు మళ్లీ పైకి లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు. తప్పించుకున్నాడంటే దొంగే అయ్యుండాలి అనుకున్నాడు కవి. కాని ఆ ముగింపు మాత్రం గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. అంత బాగుంది అది. న్యాయంగా తనకే రావలసింది.

లోపలికొచ్చి ఫోను వంక అనుమానంగా చూశాడు. ఈ రోజుల్లో ఫోన్లు అన్నీ వింటాయంటారు. మనసులోవి కూడా వింటాయేమో, ఎవరికి తెలుసు. ఎందుకొచ్చిన గొడవ అని దాన్ని పిండి డబ్బాలో పెట్టి మూత బిగించాడు. కాసేపటికి పిండి డబ్బా మోగింది.

ఫోను చేసింది పబ్లిషరు. ఈ రోగకాలంలో కవి రాసిన కవితలన్నీ పుస్తకంగా వేస్తానన్న పెద్దమనిషి.

“అయ్యా, చివరి కవిత మీరు సగమే పంపారు. పూర్తి కవిత ఇంకెవరి పేరుతోనో తిరుగుతోంది. సగం ఉన్నవాడు దొంగా, మొత్తం ఉన్నవాడు దొంగా అని రేపు జనం అడిగితే నేనేం చెప్పను? సాయంత్రంలోగా ఆ మనిషెవరో తేల్చండి. లేదంటే పుస్తకం ఆపేస్తాను.”

పుస్తకం వేస్తామని ఒకరు తన వెంటపడటం కవికి ఇదే మొదటిసారి. లాక్‌డౌన్ పుణ్యమా అని ఇంటిపట్టున కూర్చున్నాక కవితలు పొంగుకొచ్చాయి. వంటింటి గోడ పక్కన కుర్చీ వేసుకుంటే చాలు, ఎవరో చెవిలో చెప్పినట్టు పాదాలు వచ్చేవి. భార్యకు జ్వరం తగిలి, వెనకగదిలో విడిగా ఉంటున్నప్పటినుంచి మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. వంటా, అంట్లూ నెత్తిన పడ్డాక కవిత్వం ఎలా వస్తుందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఆ వంట వేళ కూడా అయింది. మాడిన కూర, ముద్దయిన అన్నం కంచంలో పెట్టి, వెనకగది తలుపు ముందున్న స్టూలు మీద ఉంచాడు. అక్కడే నిలబడి, పిండి అంటిన వేలితో ఆ కవిత కింద మెసేజ్ కొట్టాడు. “పేరెందుకులే గారూ, మర్యాదగా మీరెవరో చెప్పండి. లేకపోతే పోలీసుల దగ్గరికి వెళ్తాను.”

తలుపు అవతల టింగుమంది.

కవి కాకతాళీయమేమోనని ఇంకొకటి కొట్టాడు. “దొంగా.”

మళ్లీ టింగుమంది.

“నువ్వా?” అన్నాడు కవి. “దొంగను ఇంట్లో పెట్టుకుని ఎదురింటాయన మీద పడ్డానా. నేను పైకి చదువుకుంటుంటే వంటింట్లోంచి చెవులు రిక్కించి విన్నావన్నమాట. ఇప్పుడు పబ్లిషరుకి ఏమని చెప్పుకోను?”

లోపల దగ్గు వినపడింది. “ఒక్కదాన్నే పడుకుని ఏమీ తోచక పెట్టానండీ. నా పేరు కూడా పెట్టుకోలేదుగా.”

“పెట్టుకోకపోతే సరిపోయిందా. సరే, మొదటి ముక్కలంటే నేను చదువుతుంటే విన్నావు. మరి ఆ ముగింపు ఎక్కడిది? నేను అననే లేదు, నువ్వెలా విన్నావు?”

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చి కంచం అందుకుంది.

“ఆ రోజు కుక్కర్ కూతేసినా నేను గొణుక్కోవడం ఆపలేదండీ. మీకే వినపడలేదు.”