నవ్వు ఆపని మనిషి

గాస్తోన్‌కి ఒళ్ళు మండిపోతోంది.

పారిస్ జనం తిడతారనుకున్నాడు. తిట్టారు. ఉమ్మేస్తారనుకున్నాడు. ఒక పెద్దాయన ఉమ్మేశాడు కూడా. అదంతా గాస్తోన్‌కి ఆనందమే. యుద్ధం ముగిసి రెండేళ్ళయినా కాకుండానే అన్నీ మరిచిపోయి చిందులేస్తున్న ఊరికి కాస్త కోపం తెప్పిద్దామనే ఈ బొమ్మ చేసి గ్యాలరీలో పెట్టాడు.

దర్జీ కొట్టు బొమ్మ మొండెం తెచ్చి, గుండె ఉండాల్సిన చోట గడియారం బిగించాడు. చేతులకు బదులు తుపాకీ గొట్టాలు. పైన రాగిరేకుతో కొట్టిన ముఖం. పళ్ళు బిగించి, కనుబొమలు ముడిచి, లోకం మీదికి ఉరికేలా ఉంటుంది. కింద అంటించిన కాగితం మీద పేరు రాశాడు: ‘మా తమ్ముడు ఎమీల్’.

వెర్దన్ యుద్ధంలో పోయిన ఎమీల్‌ని పూడ్చడానికి శరీరం కూడా దొరకలేదు. వాడికి సమాధి అంటూ ఉంటే అది ఈ బొమ్మే.

గుంపు చేరినప్పుడల్లా గాస్తోన్ ఆ రాగి చెంప మీద వేళ్ళ కణుపులతో కొట్టేవాడు. ఖంగుమనేది. ఆడవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

“విన్నారుగా. లోపల ఏమీ మిగల్లేదు. అంతా మీరే తినేశారు,” అనేవాడు.

అందరి మొహాలూ మాడిపోయేవి. ఒక్కడు మాత్రం నవ్వుతున్నాడు.

సన్నని మీసం, కళ్ళజోడు, చెవుల దాకా మఫ్లర్. దీపానికి దూరంగా, గోడవార నిలబడ్డాడు. వచ్చినప్పటి నుంచీ అదే చిరునవ్వు, పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకులా. గ్యాలరీ యజమానురాలు మదామ్ రువాన్ వైన్ గ్లాసు ఇవ్వబోతే చేత్తోనే వద్దన్నాడు.

“వాణ్ణి బయటికి పంపండి,” అన్నాడు గాస్తోన్ ఆమెతో.

“టికెట్ కొన్నాడు నాయనా. ఉమ్మినాయన్ని కౌగిలించుకున్నావు, నవ్వేవాడు నిన్నేం చేశాడు?”

“ఉమ్మినాయనకి మండింది. వీడికి వేడుకగా ఉంది.”

ఇక ఆగలేక గాస్తోన్ నేరుగా అతని దగ్గరికే వెళ్ళాడు.

“ఏమండీ, అంత నవ్వెందుకొస్తోంది మీకు?”

“నవ్వడం లేదండి.” గొంతు జలుబు చేసినట్టు ముద్దముద్దగా ఉంది. “బొమ్మ బాగుంది. ముఖం ఒక్కటే అబద్ధం. రేకు ముఖానికి అంత కోపం ఉండనివ్వరు.”

“ఎవరుండనివ్వరు?”

“అందరూనండి. చూడాల్సింది వాళ్ళే కదా.”

“తమరు విమర్శకులా?”

“కాదు. వెర్దన్‌లో నేనూ ఉన్నాను.”

గాస్తోన్‌కి నెత్తురు తలకెక్కింది. అక్కడ ఉండి వచ్చినవాడు ఎమీల్ ఎదుట నిలబడి ఇకిలిస్తాడా? తమ్ముడు ఆనవాలు కూడా లేకుండా పోతే, వీడు మీసం దిద్దుకుని, మఫ్లర్ చుట్టుకుని తమాషా చూడ్డానికి వచ్చాడు.

“అది మా తమ్ముడి సమాధిరా. ఆ నవ్వు ఆపు.”

“మీకంటే నాకే ఎక్కువ కోపంగా ఉంది,” అన్నాడతను. మఫ్లర్ అంచుని గుప్పిట్లో నలిపేస్తున్నాడు. నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

“ఆపమంటున్నానా?”

“నావల్ల కాదండి.”

గాస్తోన్ చెయ్యి లేచి ఆ నవ్వు మీద పడింది. చెంప ఛెళ్ళుమనలేదు, ఖంగుమంది.