నాలుగో ఏడాది

"ఇది మూడేళ్ళకే ఉందండి. నాలుగేళ్ళుండాలి."

బాపట్ల కాలేజీ ఆఫీసులో గుమాస్తా స్టడీ సర్టిఫికెట్టును వెనక్కి జరిపాడు.

ఎజ్రాకు అర్థం కాలేదు. కూతురు సలోమి బైపీసీ పాసయింది. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకుంది. వ్యవసాయ బీయస్సీలో చేరడానికి ఇంకేం కావాలి?

"ఇది పల్లెటూరి పిల్లల కోటా. పల్లె బడిలో నాలుగేళ్ళు చదివినట్టు రుజువుండాలి. మీరు ఎనిమిది, తొమ్మిది, పదే రాయించుకొచ్చారు."

"ఏడు కూడా అక్కడే చదివిందండి. మూడేళ్ళు చాలనుకుని నేనే అడగలేదు."

"రాయించుకు రండి. నాలుగింటిదాకా చూస్తాం. మిగిలింది ఒక్క సీటు. మీరు రాకపోతే తర్వాతి ర్యాంకును పిలుస్తాం."

అప్పటికే ఒంటిగంట. బడి రేపల్లె అవతల. బస్సులో వెళ్ళడానికే రెండు గంటలు.

తండ్రీ కూతుళ్ళు వరండాలోకి వచ్చారు.

స్తంభం పక్కన నిలబడి ఉన్న నడివయసు మనిషి దగ్గరకొచ్చాడు.

"ఏంటమ్మా, ఏమన్నారు?"

సలోమి చెప్పింది.

"నీ ర్యాంకెంత?"

అదీ చెప్పింది.

"కాయితాలు ఒకసారి చూడనివ్వండి."

ఎజ్రా ఫైలును చంకలోకి లాక్కున్నాడు. సీట్లిప్పిస్తామంటూ కొందరు తిరుగుతుంటారు, జాగ్రత్త అని ఊళ్ళో చెప్పి మరీ పంపారు.

"అక్కర్లేదండి."

ఆ మనిషి నొచ్చుకోలేదు. "హెడ్మాస్టరు ఇల్లెక్కడ?"

"రేపల్లెలోనండి," అంది సలోమి.

"నాకు స్కూటరుంది. ఎక్కండి."

ఎజ్రా కదల్లేదు. కూతురి మొహం చూశాక, ఆమెను అక్కడే కూర్చోమని చెప్పి ఎక్కాడు.

దారిపొడవునా ఎజ్రాకు ఒకటే భయం. పనయ్యాక ఏం అడుగుతాడో?

రేపల్లెలో హెడ్మాస్టరు ఇంట్లో లేడు.

"బడికి సెలవు కదాని గదులకు సున్నం వేయిస్తున్నారండి. అక్కడే ఉన్నారు," అంది ఆయన భార్య.

మళ్ళీ స్కూటరు. బడి చేరేసరికి రెండున్నర దాటింది. బీరువాలన్నీ వరండాలో ఉన్నాయి. ఏడో తరగతి రిజిస్టరు అట్టడుగున దొరికింది. హెడ్మాస్టరు చేతికంటిన సున్నం తుడుచుకుని సంతకం పెట్టి, సీలు వేశాడు.

తిరుగుదారిలో రైల్వే గేటు పడింది.

మూడు ముప్పై ఐదు. రైలు జాడ లేదు.

ఎజ్రా ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "అసలు మీకేం కావాలండి మానుంచి?"

అతను తలతిప్పి చూశాడు.

"పిల్ల కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు. కాయితం ముక్క లేక పోగూడదు కదండీ."

ఎజ్రాకు నమ్మకం కుదరలేదు. ఇంత మంచిగా మాట్లాడేవాళ్ళంటేనే అతనికి భయం.

రైలు వెళ్ళింది. గేటు లేచింది.

ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగుకు మూడు నిమిషాలు. గుమాస్తా సర్టిఫికెట్టు రెండుసార్లు చదివి, లోపలికి పంపాడు.

సలోమికి సీటొచ్చింది.

కూతురి చేతిలో అడ్మిషన్ కాయితం చూశాక ఎజ్రాకు ఊపిరాడింది. అప్పుడు గుర్తొచ్చాడు ఆ మనిషి. ఒక దణ్ణమైనా పెట్టలేదు. పేరైనా అడగలేదు.

వరండాలోకి పరిగెత్తాడు.

స్కూటరు అప్పుడే గేటు దాటుతోంది. వెనక ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఎజ్రా చెయ్యెత్తి పిలిచాడు. అతనికి వినపడలేదు.

"ఆయనెవరు బాబూ?" గుమ్మం దగ్గరున్న అటెండరును అడిగాడు.

"దశరథరామయ్య గారని, వాళ్ళ ఊరు సంగం జాగర్లమూడి. వెనక కూర్చుంది వాళ్ళమ్మాయి."

"ఆ అమ్మాయికీ సీటొచ్చిందా?"

అటెండరు లోపలి నుంచి తెచ్చిన జాబితాను గోడకు అంటిస్తూ అన్నాడు.

"రాలేదండి, నాలుగింటికి మీరు రాకపోతే పిలవాల్సిన తర్వాతి ర్యాంకు ఆ పిల్లదే."