చాప కింది సరుకు

"తలుపులు తియ్యండి బాబుగారూ!"

కాలవలోంచి చిట్టియ్య కేక వినగానే లాకు గుమాస్తా జ్ఞానప్రకాశం తీరిగ్గా మరో చెంబెడు నీళ్లు తాగాడు. తాళం తన దగ్గరుంది, ఆగనీ వెధవని. పేరుకే జ్ఞానప్రకాశం. ఆయనగారి నోటికి జడిసి ఆదివారం చర్చిలో కూడా ఎవరూ పక్కన కూర్చోరు. ఆరేళ్ల కిందట భార్య పోతే, పాపం ఆవిడకు విశ్రాంతి దొరికిందన్నారు తణుకు జనం.

రైలు పడ్డాక కాలవలో పడవలు తగ్గాయి. "వారంపాటు ఒక్క సరుకు పడవా దాటకపోతే ఈ లాకుకు మనిషక్కర్లేదు. ఉద్యోగమూ పోతుంది, ఈ ఇల్లూ పోతుంది" అని మూడేళ్ల కిందట ఓవర్సీరు తేల్చి చెప్పాడు. అప్పుడు లాకులో ఉన్నది చిట్టియ్య పడవే. అదృష్టం, అది ఆనాటి నుంచీ రోజూ వస్తూనే ఉంది. తన హోదాకు అదొక సలాం అనుకునేవాడు మహానుభావుడు.

లాకులో నీళ్లు నిండి పడవ ఎగువ కాలవ మట్టానికి లేవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా తిట్లే.

"ఏంట్రా సరుకు?"

"వడ్లండి."

"వడ్లయితే పడవ అంచుదాకా మునగాలి కదరా! బెండులా తేలుతోందేంటి? నాకే టోపీ వేద్దామనా?"

"తమకి తెలీందేముందండి" అని నవ్వి, పొద్దున్నే వలవేసి పట్టి వేయించిన చేపలు అరిటాకులో పెట్టి గట్టు మీద ఉంచేవాడు చిట్టియ్య. కలరా ఇంటిల్లిపాదినీ మింగాక వాడికీ ఎవరూ లేరు. "అన్నీ ముళ్లే" అని విసుక్కుంటూనే జ్ఞానప్రకాశం ఆకు నాకేసేవాడు. రోజు మొత్తంలో ఆయనతో మాట్లాడే నరమానవుడు వాడొక్కడే. ఆ మాట చస్తే ఒప్పుకోడు.

ఈవేళ మాత్రం చేపలు ముట్టలేదు. లాకు గదిలోంచి అబ్కారీ ఇన్స్పెక్టరు, వెనకే ఓవర్సీరు బయటికొచ్చారు. చిట్టియ్య పడవలో చాప కింద నల్లమందు దాటుతోందని అర్జీ పెట్టింది జ్ఞానప్రకాశమే. దొంగను పట్టిస్తే పెద్ద లాకుకు వేస్తారని ఆశ.

వెదురు బద్దల మీద ఎత్తుగా కప్పిన చాపకు చిట్టియ్య అడ్డం నిలబడ్డాడు.

"వద్దండి! కావాలంటే నన్ను జైల్లో పెట్టండి. ఓవర్సీరుగారి ముందు మాత్రం ఇది ఎత్తకండి."

"చూశారా, దొంగేడుపు!" జ్ఞానప్రకాశం మీసం దువ్వాడు. "మూడేళ్లుగా ఎంత దాటించాడోనండి!"

"బాబుగారూ, మీ మంచికే చెబుతున్నానండి. ఆపమనండి."

"నా మంచి నువ్వు చూడాలా? నీ బతుకెంత, నువ్వెంత! లాగెయ్యండి సార్!"

ఇన్స్పెక్టరు చిట్టియ్యను పక్కకు నెట్టి ఒక్క గుంజు గుంజాడు.

చాప కింద ఏమీ లేదు.